జొరాసాంకో ఠాకూర్‌బాడి: ఒక పూట కేటాయించాల్సిన ఇల్లు

కలకత్తా వెళ్లి విక్టోరియా మెమోరియల్ చూసి తిరిగొచ్చేవాళ్లు రవీంద్రనాథ్ ఠాగూర్ కుటుంబం ఉన్న ఈ ఎర్ర మేడను వదిలేస్తే చాలా పోగొట్టుకున్నట్టే. 18వ శతాబ్దం చివర్లో రవీంద్రుడి పూర్వీకుడు నీలమణి ఠాకూర్ కట్టించిన ఇల్లిది. రవీంద్రుడు 1861లో పుట్టింది, 1941లో కన్నుమూసింది ఇక్కడే. 1962లో రవీంద్రభారతి విశ్వవిద్యాలయం ఈ ఆవరణలోనే మొదలైంది. ఇల్లు ఇప్పుడు మ్యూజియం. మన హైదరాబాద్ రవీంద్రభారతి కూడా రవీంద్రుడి శతజయంతికి కట్టిందే.

సోమవారం సెలవు, చాలామంది దెబ్బతినేది ఇక్కడే. గిరీశ్ పార్క్ మెట్రోలో దిగితే పది నిమిషాల నడక. టాక్సీలో వస్తే చిత్పూర్ రోడ్డు (ఇప్పటి రవీంద్ర సరణి) ఇరుకులో చిక్కుకుంటారు. పొద్దున్నే వెళ్లండి, సాయంత్రం త్వరగా మూసేస్తారు. గదుల్లోకి చెప్పులతో వెళ్లనివ్వరు. లోపల ఫోటోలు కూడా తీయనివ్వరు.

ముందు కింద ఠాకూర్ దాలాన్ దగ్గర ఆగండి. ఒకప్పుడు పూజలు జరిగిన ఎత్తైన మంటపం, ఎదురుగా విశాలమైన ముంగిలి. రవీంద్రుడి తండ్రి దేవేంద్రనాథుడు బ్రహ్మసమాజంలో చేరాక విగ్రహపూజ పోయి ప్రార్థనలు, పాటలు వచ్చాయి. 1881లో రవీంద్రుడు తన ‘వాల్మీకి ప్రతిభ’ నాటకంలో వాల్మీకి వేషం కట్టింది కూడా ఈ ఇంట్లోనే. ఆ మెట్ల మీద కాసేపు కూర్చుంటే, ఇంటివాళ్లే నటులై, ఇంటివాళ్లే ప్రేక్షకులై నాటకాలు ఎలా ఆడారో కళ్లకు కడుతుంది.

జపాన్, చైనా గదులు ఆయన ప్రయాణాలకు సంబంధించినవి. టైము తక్కువుంటే వాటిని త్వరగా చూసేయండి. ఆయన భార్య మృణాళినీ దేవి వంటగదిని మాత్రం వదలొద్దు. ఆపైన ఆయన చివరి గదికి వెళ్లండి. 1941 జులై 30న ఆపరేషన్ కోసం ఆయన్ని ఆస్పత్రికి తీసుకెళ్లలేదు, ఇక్కడి వరండానే ఆపరేషన్ థియేటర్‌గా మార్చారు. ఆ ఉదయమే ఆయన తన చివరి కవిత చెప్పి రాయించారు. ఎనిమిది రోజులకు, ఆగస్టు 7న, పోయారు. ఈ వరస తెలిసి చూస్తే ఆ వరండా మామూలు వరండాలా ఉండదు. తెలియకుండా వెళ్తే రెండు నిమిషాల్లో దాటేస్తారు.

బెంగాలీ వైశాఖం 25న, అంటే మే 8, 9 ప్రాంతంలో, రవీంద్రుడి జయంతికి పొద్దుటినుంచీ పాటలే. ఆ రోజు పాట కోసం వెళ్లండి. గదులు తీరిగ్గా చూడాలంటే జనం తగ్గాక, ఇంకో రోజు రండి.