మాల్దీవుల్లో పెద్ద చేపల కోసం: హనిఫారు, దక్షిణ ఆరి, ఫువముల

సముద్రంలో పెద్ద చేపలను దగ్గరగా చూడాలనుకునేవారు చాలామంది ముందుగా దేశాన్ని ఎంచుకుంటారు, ఆ తరువాత అక్కడ ఏమేమి కనిపిస్తాయో విచారిస్తారు. ఈ క్రమం తిరగబడాలని నా అభిప్రాయం. ఏ చేప కావాలి, అది ఆ చోటికి ఎందుకు వస్తుంది అన్నది ముందు తెలిస్తే ఏ నెలలో వెళ్ళాలో, ఎంత శిక్షణ కావాలో, పెట్టిన డబ్బుకు ఫలితం ఏ మేరకు ఉంటుందో చాలావరకు తేలిపోతుంది. మాల్దీవులు 2010లో తమ జలాలన్నింటిలో సొరచేపల వేటను నిషేధించాయి కనుక పెద్ద చేపల కోసం ఆ దేశాన్ని ఎంచుకోవడం సబబే. కానీ అక్కడ పేరుపొందిన మూడు చోట్లకూ చేపలు వచ్చే కారణాలు వేరు కాబట్టి, మూడింటినీ ఒకే గాటన కట్టడం కుదరదు.

బా అటాల్‌లోని (అటాల్ అంటే పగడపు దీవుల వలయం) హనిఫారు అఖాతానికి మాంటా రేలు, అంటే రెక్కలు చాచినట్టుండే పెద్ద టేకు చేపలు, తిండి కోసం వస్తాయి. నైరుతి రుతుపవనాల కాలంలో, అంటే సుమారు జూన్ నుంచి నవంబరు వరకు, ఆటుపోట్లతో కొట్టుకొచ్చిన ప్లవకాలు (నీటిలో తేలే అతి చిన్న జీవులు) గరాటులా ఇరుకైపోయే ఆ అఖాతంలో చిక్కుకుని పేరుకుపోతాయి. వాటిని మింగడానికి మాంటాలు నోళ్ళు తెరుచుకుని, ఒకదాని వెనుక ఒకటిగా వలయాలు తిరుగుతాయి; పౌర్ణమి, అమావాస్యల ముందువెనుక రోజుల్లో పోటు బలంగా ఉన్నప్పుడు వాటి సంఖ్య బాగా పెరుగుతుంది. ఇక్కడ గాలి ట్యాంకుతో లోతుకు దిగే స్కూబా నిషిద్ధం, ముఖానికి అద్దమూ నోటికి గొట్టమూ పెట్టుకుని పైపైన ఈదే స్నార్కెలింగ్ మాత్రమే చేయాలి, నీటిలో ఉండే సమయానికీ పరిమితి ఉంది. డైవింగ్ కోసం అంత దూరం వెళ్ళి ట్యాంకు లేకుండా దిగాలా అని నిరుత్సాహపడేవారు ఉంటారు గానీ, మేత పైపైనే జరుగుతుంది కనుక ట్యాంకు లేకపోవడం వల్ల పోయేదేమీ లేదు, పైగా బుడగల గోల ఉండదు. ఈత వచ్చిన తల్లిదండ్రులనూ పిల్లలనూ కూడా తీసుకువెళ్ళడానికి మూడింటిలో బాగా అనువైన చోటు ఇదే. జనవరిలో మాత్రం హనిఫారు పేరు చెప్పి ఎవరైనా టికెట్టు అమ్మజూపితే కొనవద్దు.

దక్షిణ ఆరి అటాల్ సంగతి వేరు. ఇక్కడ తిమింగల సొరచేపలు సంవత్సరం పొడవునా కనిపిస్తాయి, వాటిలో అధికభాగం ఇంకా పూర్తిగా ఎదగని మగవి. చల్లని లోతుల్లోకి మునిగి వచ్చిన చేపలు ఒళ్ళు వేడెక్కించుకోవడానికి పగడపు దిబ్బ అంచున పైనీటిలో నెమ్మదిగా తిరుగుతాయని పరిశోధకుల ఊహ. ఆ అంచును 2009లో రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. చేప ఒంటికి 3 మీటర్లు, తోకకు 4 మీటర్ల దూరం పాటించాలని, ముట్టుకోరాదని, ఫ్లాష్ వాడరాదని నియమాలున్నాయి. నియమాలు మంచివే, అమలే బలహీనం. ఒక చేప కనిపించిందన్న కబురు అందగానే చుట్టుపక్కల రిసార్టుల పడవలన్నీ అక్కడికే చేరతాయి, ఒకేసారి పదుల సంఖ్యలో మనుషులు నీళ్ళలోకి దూకుతారు, చివరకు మనకు కనిపించేది చేప కంటే ఎక్కువగా ఇతరుల కాళ్ళకు తొడిగిన ఈత రెక్కలే (ఫిన్నులే). దిగురా వంటి స్థానిక దీవిలో (రిసార్టు దీవి కాదు, మాల్దీవుల ప్రజలు నివసించే దీవి) గెస్ట్‌హౌస్ తీసుకుని, రిసార్టు పడవలు రాకముందే బయలుదేరే ఏర్పాటు చేసుకుంటే ఈ ఇబ్బంది కొంత తగ్గుతుంది, ఖర్చూ తగ్గుతుంది.

మూడింటిలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది ఫువముల. రాజధాని మాలేకు దక్షిణంగా సుమారు 500 కిలోమీటర్ల దూరంలో, భూమధ్యరేఖను దాటిన వెంటనే వచ్చే ఒంటరి దీవి ఇది. మిగతా అటాళ్ళలా చుట్టూ దిబ్బల వలయమూ దాని లోపల లోతు తక్కువ సముద్రపు నీటి మడుగూ ఉండవు. దిబ్బ అంచు దాటితే నేరుగా అగాధమే. అందువల్ల ఇతర చోట్ల నడిసంద్రంలో తిరిగే పొడవాటి తోక గల థ్రెషర్ సొరలు, సుత్తిలాంటి తల గల హామర్‌హెడ్ సొరలు, మార్చి ఏప్రిల్ నెలల్లో నడిసముద్రపు పెద్ద రకం మాంటాలు ఇక్కడ ఒడ్డుకు దగ్గరగా వస్తాయి. అయితే ఈ దీవికి పేరు తెచ్చినది పులి సొర. జాలరులు రేవు దగ్గర చేపలు కోసి వ్యర్థాలను నీళ్ళలో పారవేయడం ఎప్పటినుంచో ఉన్న అలవాటు, దానికి అలవాటుపడిన పులి సొరలు ఏడాదంతా అక్కడే మసలుతున్నాయి. ఒంటి మీది చారల ఆధారంగా 200కు పైగా సొరలను విడివిడిగా గుర్తించారు. ఇప్పుడు డైవ్ కేంద్రాలవారు ట్యూనా తలలను రాళ్ళ కింద పెట్టి వాటిని రప్పిస్తున్నారు. బోను లేకుండా, పెద్దగా లోతు లేని చోట, అంత పెద్ద జంతువును ఎదురుగా చూడగలగడం ప్రపంచంలో చాలా అరుదు, చేప కనిపించకపోవడమనే సమస్యే దాదాపుగా ఉండదు.

ఎర వేయడం పట్ల నాకు పూర్తి సమ్మతి లేదు. ఫిలిప్పీన్సులోని ఓస్లాబ్‌లో తిమింగల సొరచేపలకు రోజూ చేతులతో తిండి వేసి, వాటిని పడవల పక్కనే ఆపి ఉంచే పద్ధతితో పోలిస్తే ఫువముల నయమే గానీ, రెండింటి మధ్య ఉన్నది కేవలం మోతాదు తేడాయేనని వాదించేవారిని తప్పుపట్టలేను. ఎర లేని డైవ్‌లు కూడా అదే దీవి చుట్టూ దొరుకుతాయి. ఫువముల వెళ్ళేవారు పులి సొరలతో సరిపెట్టుకోకుండా తెల్లవారుజామున థ్రెషర్ల కోసం దిగడం మంచిది. అక్కడ ప్రవాహాలు బలంగా ఉంటాయి, కింద నేల కనబడదు, కాబట్టి అడ్వాన్స్‌డ్ ఓపెన్ వాటర్ అనే రెండో దశ డైవింగ్ శిక్షణా, ప్రవాహంలో దిగిన అలవాటూ లేనివారికి ఇది తొలి చోటు కాకూడదు. అటువంటివారు అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌లో నేర్చుకుని రావడం మేలు. పెద్ద చేపలు అక్కడ అదృష్టం మీద ఆధారపడిన విషయమే, నేర్చుకోవడానికి మాత్రం నీరు అనువైనది. మన తీరానికీ తిమింగల సొరచేపలు రాకపోలేదు. 2021 డిసెంబరులో విశాఖపట్నం దగ్గరి తంతడి తీరంలో ఒడ్డుకు చిక్కుకున్న ఒకదాన్ని తిరిగి సముద్రంలోకి పంపించారు. కానీ దాన్ని చూడాలని ముందుగా తేదీ పెట్టుకుని వెళ్ళగల చోటు కాదది.

స్థానిక దీవుల్లో మద్యం దొరకదు, బికినీకి కేటాయించిన బీచి తప్ప మిగతా చోట్ల ఒంటినిండా బట్టలు ఉండాలి. ట్యూనా, కొబ్బరి, ఉల్లి, మిరప కలిపి రొట్టెతో పెట్టే మస్ హుని మన నాలుకకు వెంటనే నచ్చుతుంది. శాకాహారులు మాత్రం గెస్ట్‌హౌస్‌వారికి ముందే చెప్పుకోవాలి, లేకపోతే పప్పు, అన్నంతో గడపవలసి వస్తుంది. ఫువముల నుంచి మాలేకు దేశీయ విమానంలో రావాలి గనుక, వరుస డైవ్‌ల తరువాత కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదన్న నియమాన్ని దృష్టిలో ఉంచుకుని చివరి రోజును ఖాళీగా వదిలి టికెట్టు తీసుకోవాలి.