ఏడేళ్ల చండీగఢ్ కుర్చీ: కాళ్లకు దండం, పేముతోనే పేచీ

ముందే చెప్పేస్తున్నా, నాది అసలుది కాదు, కాపీ. చండీగఢ్ నగరం కట్టినప్పుడు అక్కడి ఆఫీసుల కోసం ఆర్కిటెక్ట్ పియర్ జన్నరే గీసిన అసలు కుర్చీలు సెక్రటేరియట్‌లోంచీ యూనివర్సిటీలోంచీ తుక్కు కింద వేలంలో పోయి విదేశాల్లో లక్షలు పలికాక, 2011లో కేంద్ర హోంశాఖ అమ్మకాలు, ఎగుమతులు ఆపమంది. ఆపకపోయినా నా జీతానికి అందేవి కావనుకోండి. ఉద్యోగం చండీగఢ్‌లో ఉన్నప్పుడు అక్కడి వడ్రంగి చేత టేకుతో చేయించుకున్నాను.

మొదటి ఏడాది దీన్ని తెగ పొగిడాను, ఇక జన్మలో ఇంకో కుర్చీ కొననని కూడా అన్నాను. కాళ్ల వరకు ఇప్పటికీ అదే మాట. తిరగేసిన V ఆకారంలో ఉండే ఆ కాళ్లు లారీలో విజయవాడ దాకా వచ్చినా ఇసుమంత కదల్లేదు. నా గొడవంతా కూర్చునే చోటుతోనే.

ఇంకా చండీగఢ్‌లో ఉండగానే, నాలుగో ఏడు, జూన్‌లో, అక్కడి వడగాలి సంగతి తెలిసిందే, మా బావగారు భోంచేసి వచ్చి ఇలా కూర్చున్నారో లేదో టప్పుమని చప్పుడు. ఆయన ముందు తన లుంగీ చూసుకున్నారు, తర్వాత కింద చూస్తే ముందు బద్ద దగ్గర పేము మూరెడు ఊడి వేలాడుతోంది. తీరా చూస్తే అది మిషన్ మీద అల్లిన షీటు, గాడిలో జిగురుపెట్టి నొక్కేశారు. ఆ ఆదివారమే సెక్టార్ 5లో జన్నరే ఉన్న ఇంటికి (ఇప్పుడది మ్యూజియం) వెళ్లి అక్కడి కుర్చీని వంగి మరీ చూశాను, చట్రానికి వరసగా బెజ్జాలు, పేము ఒక్కో పోగూ వాటిలోంచి దూర్చి అల్లింది. డబ్బులిచ్చే ముందు చూడాల్సింది!

బెజ్జాలు కొట్టించి చేత్తో అల్లించేసరికి కుర్చీ ధరలో మూడో వంతు అయింది. అయితే ఆ అల్లే పెద్దాయన పోతూపోతూ చెప్పిన చిట్కాకి మాత్రం ఆశ్చర్యపోయాను. అల్లిక జారినప్పుడు అడుగువైపు తడిగుడ్డ పరిచి కాసేపుంచి, రాత్రంతా కూర్చోకుండా ఆరనిస్తే పొద్దున్నకి డప్పులా బిగుస్తుంది. ఇక్కడ విజయవాడ ఉక్కకి పేము విరగడం లేదు కానీ జారడం ఎక్కువే, నెలకోసారి ఈ పని తప్పట్లేదు.

మేమిద్దరమే ఉంటాం, ఇంట్లో చిన్నపిల్లల్లేరు, పిల్లి లేదు కాబట్టి మాకు నడుస్తోంది. కుర్చీ ఎక్కి బల్బులు మార్చే ఇల్లయితే ఏమో మరి. మా బావగారు మాత్రం ఇప్పటికీ వచ్చీరాగానే ప్లాస్టిక్ కుర్చీ ఎక్కడుందని అడుగుతారు.