విశాఖ–చెన్నై విహార నౌకలో ఫోను, ఇంటర్నెట్: దేనికి డబ్బు పెట్టాలి, దేనికి అక్కర్లేదు

విజయవాడ, గుంటూరు వాళ్ళు సముద్ర విహార నౌక ఎక్కాలంటే విశాఖకో చెన్నైకో వెళ్ళాలి. టికెట్టు తీసుకునే ముందు గది ఎలా ఉంటుంది, శాకాహారం దొరుకుతుందా అని అందరూ అడుగుతారు. ఫోను సంగతి అడిగేవాళ్ళు తక్కువ. మన తీరం వెంటే కదా, సిగ్నల్ ఉంటుందిలే అనుకుంటారు. ఈ ప్రయాణంలో ఎక్కువమంది ఇబ్బంది పడేది ఇక్కడే.

నౌక చెన్నై కంటే ముందు పుదుచ్చేరిలో ఆగుతుందనుకుని, మ్యాపు తెరిచి విశాఖ నుంచి పుదుచ్చేరికి ఒక గీత గీసి చూడండి. కాకినాడ దిగువన గోదావరి డెల్టా ఎదురుగా వచ్చేసరికే ఒడ్డు దాదాపు 40 కిలోమీటర్ల దూరం. ఆ తర్వాత తీరం పడమటికి వంగిపోతుంది, నౌక మాత్రం తిన్నగా పోతుంది. కృష్ణమ్మ సముద్రంలో కలిసే హంసలదీవికి ఎదురుగా ఉన్నప్పుడు ఒడ్డుకీ నౌకకీ మధ్య సుమారు 100 కిలోమీటర్లు. అంటే మన జిల్లాల పక్కగా వెళ్తున్నామని సంబరపడే గంటల్లోనే ఫోను పూర్తిగా మూగబోతుంది. మళ్ళీ చెన్నై దగ్గరకొస్తున్నప్పుడు సిగ్నల్ గీతలు ఒకటీ అరా కనిపిస్తాయి.

ఒడ్డు టవర్ల విషయానికొస్తే, 40 మీటర్ల టవరు, 25 మీటర్ల ఎత్తున్న డెక్కు, ఈ రెండింటి మధ్య భూమి వంపు అడ్డురాకుండా రేడియో తరంగం వెళ్ళగల దూరం లెక్క ప్రకారం 46 కిలోమీటర్లు. కానీ ఆ టవర్ల యాంటెన్నాలు ఊళ్ళ వైపు తిప్పి, కొంచెం కిందికి వంచి పెట్టినవి. అందుకే ఆచరణలో అందులో సగం దూరానికే సిగ్నల్ తెగిపోతుంది. ముందు పోయేది 5జీ. నౌక కదిలిన వెంటనే సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ రకాన్ని 4జీకి మార్చుకుంటే మాటలు మరికాసేపు నిలుస్తాయి. మాట్లాడేది డెక్కు మీదో బాల్కనీలోనో నిలబడి, ఒడ్డు కనిపించే వైపు. లోపలి గదులు ఉక్కు పెట్టెల్లాంటివి, రేవులో ఉన్నప్పుడు కూడా అక్కడ సిగ్నల్ అందదు. ఉచితంగా వచ్చే ఈ సేవకు మా మార్కులు ఎక్కువే, కాకపోతే బయలుదేరేటప్పుడు కాసేపు, రేవు చేరేటప్పుడు కాసేపు, అంతే.

ఇక జాగ్రత్త పడాల్సింది నౌకలోని మొబైల్ నెట్‌వర్క్‌తో. చాలా పెద్ద నౌకల్లో చిన్న టవర్లలాంటి పరికరాలు ఉంటాయి, అవి ఉపగ్రహం ద్వారా కలుపుతాయి. సాధారణంగా ఒడ్డుకు 12 నాటికల్ మైళ్ళు, అంటే సుమారు 22 కిలోమీటర్లు దాటాకే వీటిని ఆన్ చేస్తారు. అప్పుడు ఫోను మీద మీ కంపెనీ పేరు పోయి 'సెల్యులార్ ఎట్ సీ' లాంటి పేరు కనిపిస్తుంది. మన దేశపు నెట్‌వర్క్‌ల కోడ్ 404 లేదా 405తో మొదలైతే, సముద్రం మీది వాటిది 901. ఏ దేశానికీ చెందని కోడ్ అది. అందుకే మామూలు విదేశీ రోమింగ్ ప్యాకు ఉన్నా ఇక్కడ వర్తించకపోవచ్చు. వచ్చిన కాల్ ఎత్తినా చార్జీ, వెనకాల ఫోటోలు బ్యాకప్ అయినా చార్జీ. ప్రీపెయిడ్‌లో అంతర్జాతీయ రోమింగ్ తీసుకోనివాళ్ళకు ఈ నెట్‌వర్క్ అసలు కలవదు కాబట్టి భయం లేదు. బిల్లు వాచిపోయేది పోస్ట్‌పెయిడ్ వాళ్ళకు. కస్టమర్ కేర్‌ను అడిగేటప్పుడు "విదేశీ ప్యాకు ఉందా" అని కాకుండా "నౌకలో పనిచేసే ప్యాకు ఉందా, నేనెక్కే నౌక ఆ జాబితాలో ఉందా" అని అడగండి. రెండో ప్రశ్నకు సూటిగా జవాబు రాకపోతే తీసుకోవద్దు.

చేయాల్సిన పని చిన్నదే. సిగ్నల్ పోగానే ఫ్లైట్ మోడ్ పెట్టి, వైఫై ఒక్కటే ఆన్ చేయండి. డేటా రోమింగ్ ఇంటి దగ్గరే ఆఫ్ చేసుకు రండి. పిల్లల ఫోన్లూ, పెద్దవాళ్ళ ఫోన్లూ మీరే చేతిలోకి తీసుకుని చూడండి. ఫ్లైట్ మోడ్‌కు ఇంకో లాభం, సిగ్నల్ కోసం వెతికి వెతికి బ్యాటరీ అయిపోదు. జీపీఎస్ అప్పుడూ పనిచేస్తుంది, గూగుల్ మ్యాప్స్‌లో తీరం భాగం ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే నౌక ఎక్కడుందో చూసుకోవచ్చు.

వైఫై ప్యాకేజీ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే డబ్బు పోయేది ఇక్కడే. మన జలాల్లో నౌకల మీద ఉపగ్రహ ఇంటర్నెట్‌కు 2018 నాటి విమాన, సముద్ర కనెక్టివిటీ నిబంధనలు దారి వేశాయి. అయితే ఏ ఉపగ్రహం అన్నదే అసలు తేడా. భూస్థిర ఉపగ్రహం, అంటే భూమితో పాటే తిరుగుతూ ఆకాశంలో ఒకేచోట నిలిచినట్టు కనిపించేది, 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. మాట అంత పైకి వెళ్ళి, దిగి, జవాబు మళ్ళీ అదే దారిన వచ్చేసరికి అరసెకను దాటుతుంది. వాట్సాప్ కాల్‌లో ఇద్దరూ ఒకేసారి మాట్లాడి, ఒకేసారి ఆగుతారు. స్టార్‌లింక్ లాంటి కింది కక్ష్య ఉపగ్రహాలు సుమారు 550 కిలోమీటర్ల ఎత్తులోనే తిరుగుతాయి, వాటితో వీడియో కాల్ కూడా సాఫీగా సాగుతుంది. డబ్బు కట్టే ముందు రిసెప్షన్‌లో ఈ ఒక్క ముక్క అడగండి. భూస్థిరమైతే పెద్ద ప్యాకేజీ దండగ, మెసేజ్‌లకు సరిపడే చిన్నది చాలు. గుంటూరు యార్డు మిర్చి ధరలు మెసేజ్‌లో తెలుసుకోవడానికి అది హాయిగా సరిపోతుంది. ఆఫీసు మీటింగులు ఉన్నవాళ్ళు మాత్రం ఆ రోజులకు సెలవు పెట్టుకోవడమే మంచిది. కింది కక్ష్య ఇంటర్నెట్ ఉన్నా, వందలమంది ఒకేసారి వాడే రాత్రి భోజనాల వేళ నెమ్మదిస్తుంది, తెల్లవారుజామున బాగుంటుంది.

డబ్బు కట్టినా లాగిన్ పేజీ రావడం లేదన్న ఫిర్యాదుకు కారణం ఎక్కువగా ఫోన్‌లోనే ఉంటుంది. ఇంటర్నెట్‌ను వేరే సర్వర్ మీదుగా తిప్పే వీపీఎన్, సైట్ల చిరునామాలను వేరే దారిలో వెతికే ప్రైవేట్ డీఎన్ఎస్ ఉంటే ఆఫ్ చేయండి. వైఫై పేరు మీద నొక్కి, యాదృచ్ఛిక మ్యాక్ అడ్రస్ (వైఫై మీ ఫోనును గుర్తుపట్టే నంబరు) బదులు ఫోను అసలు మ్యాక్ ఎంచుకోండి. లేకపోతే అడ్రస్ మారినప్పుడు మిమ్మల్ని కొత్త ఫోను అనుకుని మళ్ళీ లాగిన్ అడుగుతుంది. ప్యాకేజీలు తరచూ ఒక్క పరికరానికే ఇస్తారు. ఇంట్లో నలుగురుంటే ఒకటే తీసుకుని, ఒకరు లాగవుట్ అయ్యాక ఇంకొకరు వాడుకోవచ్చా అని కనుక్కోండి. వాట్సాప్ ఆటో డౌన్‌లోడ్, గూగుల్ ఫోటోస్ బ్యాకప్, ప్లే స్టోర్ అప్‌డేట్లు ఆపకపోతే కొన్న డేటా మీరు చూడకుండానే ఖర్చయిపోతుంది.

ఓటీపీ మరో చిక్కు. అది ఎస్సెమ్మెస్, మామూలు వైఫై మీద రాదు. వైఫై కాలింగ్ (మీ కంపెనీ కాల్స్, మెసేజ్‌లు వైఫై మీదుగా నడిపే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే రావచ్చు గానీ, నౌక ఇంటర్నెట్ విదేశీ ఐపీ అడ్రస్‌తో బయటికి వెళ్తుంటే మన కంపెనీలు దాన్ని కలపకపోవచ్చు. కాబట్టి కరెంటు బిల్లు, ఈఎంఐ, తిరుగు రైలు టికెట్టు లాంటివన్నీ ఒడ్డు మీదే ముగించుకోండి. బోర్డింగ్ పాసు, ఆధార్ కాగితం మీద అచ్చు వేయించి పెట్టుకోండి.

చెన్నై నుంచి శ్రీలంక వైపు వెళ్ళే నౌకైతే ఒడ్డు దగ్గర ఫోను డయలాగ్ లాంటి అక్కడి నెట్‌వర్క్‌ను పట్టుకుంటుంది. దానికి శ్రీలంక రోమింగ్ ప్యాకు చెల్లుతుంది, నౌక నెట్‌వర్క్‌కు చెల్లదు. రెండూ వేరని గుర్తుంచుకోండి. శాటిలైట్ ఫోను మాత్రం అనుమతి లేకుండా వెంట తేవద్దు, మన దేశంలో అది నేరం.

ఇంటి దగ్గరున్న వాళ్ళకు నౌక పేరు, గది నంబరు, కంపెనీ ఫోన్ నంబరు రాసిచ్చి బయలుదేరండి. మెరైన్ ట్రాఫిక్ యాప్‌లో పేరు కొడితే నౌక ఎక్కడుందో వాళ్ళు చూసుకోవచ్చు. నౌక పంపే సంకేతాన్ని ఒడ్డు మీది రిసీవర్లు పట్టుకుంటాయి కాబట్టి, నడిసముద్రంలోకి వెళ్ళాక మ్యాపు మీద గుర్తు గంటలపాటు కదలకపోవచ్చు. అది రిసీవర్ పరిధి దాటడం వల్లేనని, నౌక ఆగిపోయినట్టు కాదని ముందే చెప్పి వెళ్ళండి.