చెరకు పీకపురుగుకి ట్రైకోకార్డులు: ఆరేళ్లు వాడాక

మాది విజయనగరం జిల్లా, జామి వైపు. రెండెకరాల చెరకులో లేత పిలకల్ని తొలిచే పీకపురుగుకి ఆరేళ్లుగా ట్రైకోకార్డులు, అంటే మిత్రపురుగు పెరిగే గుడ్లు అంటించిన అట్టలు, కుడుతున్నాను. మొదటిసారి స్టాప్లర్ పట్టుకుని చేలో దిగితే పక్క చేను చిన్నాన్న గట్టు మీద నిలబడి, "ఏటిరా, అట్టముక్కలు కుడితే పురుగు సచ్చిపోద్దేటి?" అన్నాడు. చావదు. కొనేముందు అందరూ తెలుసుకోవాల్సింది అదే. పిలకలోకి దూరిపోయిన పురుగుని కార్డు ఏమీ చేయలేదు. దాని పనంతా గుడ్డు మీదే.

కార్డు మీద అంటించేవి బియ్యపు చిలుక (బియ్యానికి పట్టే రెక్కల పురుగు) గుడ్లు, ఒక్కో కార్డుకి సుమారు 20 వేలు. వాటిలో ట్రైకోగ్రామా పెరుగుతూ ఉంటుంది. అర మిల్లీమీటరు కూడా ఉండని కందిరీగ జాతి పురుగు. అది బయటికొచ్చి, ఆకు అడుగున పీకపురుగు పెట్టిన గుడ్లు వెతుక్కుని వాటిలో తన గుడ్డు పెడుతుంది. మూడు నాలుగు రోజులకి అవి నల్లబడతాయి. భూతద్దం పెట్టి చూస్తాను నేను. పొలుసుల్లా ఒకదాని మీదొకటి పేర్చినట్టున్న లేతరంగు గుడ్లు బొగ్గురంగుకి తిరిగితే ఆ పూట కడుపు నిండిపోతుంది.

నాటిన నెలకి మొదలుపెట్టి, వారం పది రోజులకోసారి, ఎకరానికి ఒక కార్డు, నాలుగు నుంచి ఆరుసార్లు. ముక్కలు చేసి సాయంత్రం పూట ఆకు అడుగున కుడతాను. ఎండ తగలదు, చీమల బెడద కొంచెం తగ్గుతుంది.

రెండో ఏడు మాత్రం బాగా దెబ్బతిన్నాను. కార్డులు ఏప్రిల్ ఎండలో బస్సు పార్సిల్లో వచ్చాయి. కవరు విప్పితే అడుగున నల్లటి దుమ్ము. ట్రైకోగ్రామా పురుగులు దారిలోనే బయటికొచ్చి చచ్చిపోయాయి. అమ్మినాయన ఫోనెత్తలేదు. ఆ ఏడు లాగితే చేతిలోకొచ్చే ఎండిన మొవ్వులు, ఆ కుళ్లు వాసన ఇప్పటికీ మర్చిపోలేదు.

ఎండలు ముదిరితే ఇవి సరిగా పనిచేయవు. అందుకే సాళ్లలో చెరకు చెత్త కప్పి, మట్టి ఎగదోస్తాను. కార్డు కట్టాక వారం దాకా మందు కొట్టకూడదు, పక్క చేలో కొట్టినా గాలికి మనకే నష్టం. ఈ ఒక్క విషయంలో చిన్నాన్నని ఒప్పించడానికి మూడేళ్లు పట్టింది.

ఈసారి ఫిబ్రవరి మొదట్లో నాటాను. కార్డులు ముందే చెప్పి ఉంచాను. కార్డు మీది గుడ్లు నల్లబడ్డాయని కబురు రాగానే బండి మీద నేనే వెళ్లి తెచ్చుకుంటాను.