ఊరి పిల్లల క్లబ్బుకు మొదట ఏది మేలు: ఆకుకూరల మడా, పుట్టగొడుగుల సంచా, కోడిపిల్లలా?

ఊళ్లో పన్నెండు నుంచి పదహారేళ్ల పిల్లల్ని ఓ ఇరవై మందిని కూడగట్టి క్లబ్బు పెట్టాలనుకునే టీచరైనా, యువజన సంఘం కార్యదర్శైనా ముందుగా తేల్చుకోవలసింది ఒకటుంది: వాళ్ల చేతికి ఏ పని ఇవ్వాలి? మాటల్లో ఎక్కువగా వినిపించేవి మూడు. ఆకుకూరల పెంపకం, పుట్టగొడుగులు, పెరటి కోళ్లు. మూడింటికీ ఊళ్లో దొరికే సరుకే చాలావరకు సరిపోతుంది కాబట్టి, చాలామంది ఏది ఎక్కువ రాబడి ఇస్తుందో చూసి ఎంచుకుంటారు. పిల్లల క్లబ్బుకు ఆ కొలత పనికిరాదు. జూన్‌లో బడి తెరిచిన దగ్గర్నుంచి మార్చిలో పరీక్షల హడావుడి మొదలయ్యేలోపు ఆ పనిని మొదటి నుంచి చివరి దాకా ఎన్నిసార్లు చేయగలరో చూడాలి. ఒకసారి చెడగొట్టిన పిల్లకు అదే ఏడాది మళ్లీ చేసే అవకాశం ఉండాలి. అది లేకపోతే వాళ్లకు మిగిలేది "నాకు రాదు" అన్న అభిప్రాయమే.

రెండో కొలత, పనిని ఎవరిది వాళ్లకు పంచగలమా అన్నది. అమెరికాలోని ఫోర్-హెచ్ క్లబ్బులకు మూలం 1902లో ఒహాయో రాష్ట్రం క్లార్క్ కౌంటీలో ఎ.బి. గ్రాహం అనే బడుల పర్యవేక్షకుడు పెట్టిన పిల్లల వ్యవసాయ క్లబ్బు. ప్రతి పిల్లకూ తనదైన ఒక పని, తన చేత్తో రాసుకున్న ఒక లెక్కల పుస్తకం అన్న పద్ధతి ఆ క్లబ్బుల్లో నేటికీ ఉంది. మన దగ్గర 1972లో నెహ్రూ యువ కేంద్రాలు వచ్చినప్పటి నుంచి ఊరూరా యువజన సంఘాలు ఏర్పడుతూనే ఉన్నాయి గానీ, వాటి పని ఎక్కువగా శ్రమదానం, ఆటల పోటీలు. అవి మంచివే. కాకపోతే అందరూ కలిసి చేసే పనిలో ముగ్గురు చేస్తారు, మిగతావాళ్లు నిలబడి చూస్తారు. ఉమ్మడి పనిలో తప్పు ఎవరిదో తెలియదు, కాబట్టి దాన్నుంచి ఎవరూ నేర్చుకోరు.

ఆకుకూరల మడి

ఇద్దరు పిల్లలకు ఒక మడి. వెడల్పు 3 అడుగులు దాటకూడదు. దాటితే పన్నెండేళ్ల పిల్ల చెయ్యి మధ్యదాకా అందక మడిలోకి దిగుతుంది, నేల గట్టిపడుతుంది. పొడవు 6 అడుగులు చాలు. వానకాలంలో మడిని జానెడు ఎత్తు లేపాలి, చుట్టూ నీళ్లు పోయే కాలువ తీయాలి. ఒక్కో మడికి 4 నుంచి 5 కిలోల బాగా చివికిన పశువుల ఎరువు కలపాలి. పచ్చి పేడ వేస్తే వేరుపురుగు చేరుతుంది, కలుపు గింజలు కూడా దానితోనే వస్తాయి.

తోటకూర విత్తనం ఆవగింజకన్నా సన్నం. ఈ మడికి రెండు చిటికెలు చాలు, గుప్పెడు పొడి ఇసుకలో కలిపి చల్లాలి. ఇసుక కలపకపోతే ఒకచోట కుప్పగా, ఒకచోట బోసిగా మొలుస్తుంది. పాలకూర, మెంతికి అయిదారు గ్రాములు పడుతుంది. తోటకూర, మెంతి మూడు నుంచి అయిదు రోజుల్లో మొలుస్తాయి, పాలకూరకు వారం పైన కావాలి, ధనియాలకు పది పన్నెండు రోజులు. ఈ తేడా ముందే చెప్పకపోతే పిల్లలు నాలుగో రోజుకే కొత్తిమీర మడి తవ్వి చూస్తారు. కోతకు మెంతి, తోటకూర నెల లోపే వస్తాయి. అంటే జూలై నుంచి ఫిబ్రవరి దాకా, వానలకు, సెలవులకు కొంత పోయినా, అయిదారు విడతలు చేయవచ్చు.

ఇందులో చెడేది ఎక్కువగా నీళ్ల దగ్గరే. పిల్లలకు నీళ్లు పోయడం ఇష్టం, రోజుకు మూడుసార్లు పోస్తారు. మొలకలు నేల దగ్గర మెత్తబడి వాలిపోతాయి, అదే నారుకుళ్లు. పైమట్టిని వేలితో అంగుళం లోతు గుచ్చి, తడి తగిలితే ఆ పూట నీళ్లు పోయకూడదన్న నియమం పెట్టండి. ఆకు తినే పురుగుకు వేపగింజల కషాయం చాలు: లీటరు నీటికి 50 గ్రాముల వేపపప్పు పొడి, గుడ్డలో మూటకట్టి రాత్రంతా నానబెట్టి, పిండి, వడగట్టి, కొంచెం సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట చల్లాలి. ఎండలో చల్లితే దాని గుణం త్వరగా పోతుంది.

ఆకుకూరల అసలు బలం పోల్చి చూడటంలో ఉంది. మడిని సగానికి తాడు కట్టి విడగొట్టి, ఒక సగంలో నలిపి రెండు బద్దలు చేసిన ధనియాలు, రెండో సగంలో నలపని ధనియాలు వేయించండి. ఒక సగం ఒత్తుగా, ఒక సగం పలచగా వేయించండి. ఎవరూ చెప్పక్కర్లేకుండా పిల్ల తన కంటితో తేల్చుకుంటుంది. డబ్బు మాత్రం ఇందులో దాదాపు లేదు. ఇంటింటా పెరడు ఉన్న ఊళ్లో తోటకూర కట్ట కొనేవాళ్లు తక్కువ, అందుకే అమ్మకం, బేరం, లెక్కాచారం దీనితో సరిగా రావు.

పుట్టగొడుగుల సంచి

లెక్క నేర్పడంలో దీనికి సాటి లేదు. ముత్యపుచిప్ప రకం 20 నుంచి 30 డిగ్రీల వేడిలో, గాలిలో 80 శాతం పైన తేమ ఉన్నచోట పెరుగుతుంది. తెలుగు నేల మీద అందుకు అనువైన కాలం నవంబరు నుంచి ఫిబ్రవరి. ఒక్కో పిల్లకు ఒక్కో సంచి, దాని మీద పేరు, నింపిన తేదీ. ఎవరి పని వాళ్లకు పంచడానికి ఇంతకన్నా వీలైనది లేదు.

ఒక సంచికి కిలో ఎండు వరిగడ్డి, 100 గ్రాముల స్పాన్, అంటే పుట్టగొడుగుల విత్తనం. గడ్డి బంగారు రంగులో ఉండాలి, వానకు తడిసి నల్లబడినది తీసుకోకూడదు. రెండంగుళాల ముక్కలుగా నరికి, అయిదారు గంటలు నానబెట్టి, 80 డిగ్రీల వేడినీళ్లలో గంటసేపు ఉంచాలి. అయిదు కిలోల గడ్డికి పెళ్లివంటల గుండిగ ఒకటి సరిపోతుంది. పొయ్యి దగ్గర, గడ్డి పైకి తీసేటప్పుడు పెద్దవాళ్లే ఉండాలి, పిల్లలు కాదు. తర్వాత కడిగిన టార్పాలిన్ మీద నీడలో ఆరబెట్టాలి. గుప్పెడు గడ్డి గట్టిగా పిండితే చెయ్యి తడవాలి గానీ బొట్టు కారకూడదు. ఈ ఒక్క పరీక్ష దగ్గర తొందరపడితే మిగతా శ్రమంతా వృథా. బొట్టు కారేంత తడి ఉన్న సంచి వారంలో పులిసిన వాసన కొడుతుంది.

60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు ఉన్న పాలిథిన్ సంచిలో నాలుగంగుళాల గడ్డి, అంచు చుట్టూ కొంచెం స్పాన్, మళ్లీ గడ్డి, అలా వరసలు వేసి మూతి కట్టి, పదిహేను ఇరవై సన్నటి రంధ్రాలు చేసి చీకటిగదిలో ఉంచాలి. రెండు మూడు వారాల్లో సంచంతా తెల్లటి బూజు అల్లుకుంటుంది. ఆకుపచ్చ మచ్చ కనిపిస్తే గడ్డి సరిగా ఉడకలేదనో చేతులు శుభ్రంగా లేవనో అర్థం. ఆ సంచిని వెంటనే దూరంగా తీసుకెళ్లి పూడ్చిపెట్టాలి. తెల్లబడ్డాక పాలిథిన్ తీసేసి, వెలుతురు, గాలి తగిలేచోట ఉట్టిలా వేలాడదీసి రోజుకు రెండు మూడుసార్లు నీళ్లు తుంపరగా చల్లితే వారం లోపే మొగ్గలు వస్తాయి. కాడలు పొడవుగా, గొడుగులు చిన్నవిగా వస్తే గదిలో గాలి చాలలేదు. గొడుగుల అంచులు ఎండి పగిలితే తేమ చాలలేదు. పిల్లలకు ఈ రెండూ నేర్పితే మిగతాది వాళ్లే చదువుకుంటారు.

కిలో ఎండుగడ్డికి మూడు కోతల్లో కలిపి 500 నుంచి 700 గ్రాములు వస్తుంది, అందులో దాదాపు సగం మొదటి కోతలోనే. చాలా క్లబ్బులు చిక్కుకునేది ఇక్కడే. ఇరవై సంచులూ ఒకేరోజు నింపితే అయిదారు కిలోలు రెండు మూడు రోజుల్లో మీద పడతాయి. కోసిన పుట్టగొడుగు బయట ఒక రోజు కన్నా బాగుండదు, ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు. ఊళ్లో అంత కొనేవాళ్లుండరు. అందుకని వారానికి అయిదు సంచుల చొప్పున నాలుగు వారాలు నింపించండి. గుండిగ లెక్కకూ అది సరిపోతుంది, రెండోవారం పిల్లలు మొదటివారం వాళ్ల తప్పులు చూసి దిద్దుకుంటారు. సంచులు వేయకముందే పిల్లలు ఇంటింటికీ, హోటళ్లకూ తిరిగి ఎవరికి ఎంత కావాలో రాసుకు రావాలి. ముక్కూమొహం తెలియని హోటలు యజమానితో మాట్లాడి ధర ఒప్పించుకోవడం పద్నాలుగేళ్ల పిల్లకు ఏ తరగతి గదిలోనూ దొరకని చదువు.

రెండు జాగ్రత్తలు తప్పనిసరి. కోసేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి, గొడుగుల నుంచి రాలే పొడి కొందరికి దగ్గు, ఉబ్బసం తెప్పిస్తుంది. అంచులు పైకి లేవకముందే కోస్తే ఆ పొడి తక్కువ. రెండోది, తాము పెంచినవి తిన్న ధైర్యంతో గట్ల మీద మొలిచినవి ఏరి తినకూడదని మొదటిరోజే చెప్పి, ప్రతి కోతకూ గుర్తు చేయాలి.

స్పాన్ తాజాగా దొరకాలి. జిల్లా కృషి విజ్ఞాన కేంద్రాన్నీ, వ్యవసాయ విశ్వవిద్యాలయాన్నీ నెలరోజుల ముందే అడగండి. పాతబడి పసుపు నీరు ఊరిన సీసా ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు.

కోడిపిల్లలు

పిల్లలు ముందు అడిగేది ఇదే, పెద్దలు ముందు మొదలుపెట్టేదీ ఇదే. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ రకాలు పెరటికి సరిపోతాయి. వనరాజా మాంసానికీ గుడ్లకూ, గ్రామప్రియ ముఖ్యంగా గుడ్లకు. గుడ్డు పెట్టేసరికి అయిదారు నెలలు పడుతుంది. జూలైలో కోడిపిల్లల్ని తెస్తే సంక్రాంతి దాకా ఆగాలి. ఏడాదికి ఒక్క విడతే, తప్పు దిద్దుకునే రెండో విడత లేదు.

అన్నిటికన్నా కష్టం మొదటి నాలుగు వారాలు. మొదటివారం 35 డిగ్రీల వేడి కావాలి, తర్వాత వారానికి సుమారు మూడు డిగ్రీలు తగ్గించాలి. 40 పిల్లలకు 5 అడుగుల వెడల్పున గుండ్రంగా అట్టతోనో రేకుతోనో అడుగున్నర ఎత్తు కంచె, కింద రెండంగుళాల ఊక, పైన 40 వాట్ల బల్బులు రెండు. అవి పాతకాలపు తీగ బల్బులే కావాలి. ఎల్‌ఈడీ బల్బు వెలుగే ఇస్తుంది, పిల్లలకు కావలసిన వేడి ఇవ్వదు. పిల్లలన్నీ బల్బు కింద ఒకదాని మీద ఒకటి ఎక్కితే చలి, దూరంగా పోయి నోరు తెరిచి రొప్పితే వేడి ఎక్కువ. రాత్రి కరెంటు పోతే గంటల్లో కోడిపిల్లలు కుప్పపడి ఊపిరాడక చస్తాయి, అందుకని వేడినీళ్ల సీసాలు గోనెలో చుట్టి పెట్టే మనిషి పక్కనే పడుకోవాలి. అది క్లబ్బు పిల్లల పని కాదు. ఊక తడిస్తే రక్తపారుడు వస్తుంది, రోజూ తిరగేయాలి.

టీకాలు: వారం లోపు కొక్కెర తెగులుకు లసోటా కంటిలో చుక్క, 14వ రోజు గంబోరో తెగులుకు టీకా, 28వ రోజు మళ్లీ లసోటా, ఆ తర్వాత మశూచికి, ఎనిమిదో వారంలో కొక్కెర తెగులు సూది మందు పశువైద్య సిబ్బంది చేత. టీకా సీసా 100 డోసులకు తక్కువ దొరకడం అరుదు, కలిపాక గంట రెండు గంటల్లో వాడెయ్యాలి, అంతదాకా ఐసు మీద ఉండాలి. 40 పిల్లలకు తెచ్చిన సీసాలో మిగిలేదే ఎక్కువ కాబట్టి, అదే ఉదయం వాడలోని ఇతర కోడిపిల్లలకూ వేయించండి. ఊరి కోళ్లకు తెగులొస్తే క్లబ్బు కోళ్లకూ తప్పదు.

మేత ఒక్కో పిల్లకు ఆరువారాల్లో కిలోకు పైనే, కాబట్టి 40 పిల్లలకు 50 కిలోల బస్తా ఒకటి చాలదనే అనుకోండి. ఆరు వారాల తర్వాత పంచి ఇళ్లకు పంపవచ్చు, అప్పటిదాకా ఎవరిది ఏ పిల్లో తెలియదు. కోడిపిల్లల్లో దాదాపు సగం పుంజులే వస్తాయి. అవి మాంసానికే పోతాయి. పేరుపెట్టి పెంచిన పుంజును అమ్మే రోజు వస్తుందని మొదట్లోనే నిజం చెప్పాలి. ఈ రకాలు పొదగడం తక్కువ, కాబట్టి వచ్చే ఏడాదికి కోడిపిల్లల్ని మళ్లీ కొనుక్కోవాలి. ఒకేసారి చాలా కోళ్లు చస్తే పిల్లల్ని ముట్టుకోనివ్వక పశువుల డాక్టరుకు కబురు చేయాలి.

అయినా కోళ్లలో ఉన్న ఒక గుణం మిగతా రెంటిలో లేదు. దసరా సెలవుల్లో మడి ఎండితే మళ్లీ విత్తుకోవచ్చు. ప్రాణికి సెలవు లేదు. నేను పోకపోతే అది నీళ్లు లేక అల్లాడుతుందన్న ఎరుక పదమూడేళ్ల వయసులో కలిగితే మనిషి తీరే మారుతుంది. అందుకే దాన్ని వదిలేయమనడం లేదు, మొదట పెట్టకూడదంటున్నాం.

అయితే ఏది?

కొత్త క్లబ్బుకు మొదట ఆకుకూరలే. జూలైలో మడులు మొదలుపెట్టి, మూడు విడతలు అయ్యాక, దీపావళి దాటి పుట్టగొడుగులకు మళ్లండి. నీళ్లు పోయడంలో నిదానం, పుస్తకం రాసే అలవాటు అప్పటికి వచ్చి ఉంటాయి కాబట్టి సంచులు తక్కువ చెడతాయి. వారానికి రెండుసార్లు నీళ్లు పోయడానికే రాని పిల్లకు స్పాన్ ఇవ్వకండి. కోళ్లు రెండో ఏడాది, అదీ పగలు ఇంట్లో పెద్దవాళ్లుండే పిల్లలకు, ఆరువారాలు పెంచిన కోడిపిల్లల్ని కొని అయిదేసి చొప్పున. బల్బు కింద పెంచడం పదిహేనేళ్లు దాటినవాళ్లకు, పక్కింట్లో పూచీ పడే పెద్దమనిషి ఉన్నప్పుడు మాత్రమే. బడిలో నీటి వసతి లేకపోతే మాత్రం ఈ వరస మార్చి, చలికాలం దాకా ఆగి నేరుగా పుట్టగొడుగులతో మొదలుపెట్టవచ్చు. ఇరవై సంచులకు తుంపర నీళ్లు రోజుకు రెండు బిందెలు మించవు.

ఏది ఎంచుకున్నా పుస్తకంలో అయిదు గడులే: తేదీ, చేసిన పని, పట్టిన సరుకు, దాని ధర, కంటికి కనిపించిన మార్పు. టీచరు దిద్దిన శుభ్రమైన ప్రతి వద్దు, మట్టి అంటిన పేజీయే ఉండాలి. ఎవరో రైతు ఊరికే ఇచ్చిన గడ్డికీ, ఇంటి నుంచి తెచ్చిన ఎరువుకూ ఆ రోజు ఊళ్లో ఉన్న ధర కట్టి రాయించండి. అలా రాయకపోతే మొదటి ఏడాది లాభం పెద్దగా కనిపిస్తుంది, గడ్డి కొనవలసి వచ్చిన రెండో ఏడాది పిల్లలు తామేదో తప్పు చేశామనుకుంటారు.