వరంగల్ నుంచి విదేశాలకు పార్సిల్: పోస్టాఫీసు ఈఎంఎస్ సేవ ఎట్లుంది, ఏ దేశం ఏది ఆపుతుంది

హన్మకొండలో, వరంగల్‌లో విదేశాలకు సామాన్లు పంపేవాళ్లకు రెండు దార్లున్నాయి. ఒకటి హెడ్ పోస్టాఫీసులో బుక్ చేసే ఇంటర్నేషనల్ స్పీడ్ పోస్ట్, అంటే ఈఎంఎస్. రెండోది పచ్చళ్లు, పిండివంటలు పంపుతామని బోర్డు పెట్టుకున్న కొరియర్ ఏజెంట్లు. బట్టలు, హస్తకళల వస్తువులు, ఇంట్లో చేసిన పొడి అప్పాలకు మా ఓటు పోస్టాఫీసుకే. గల్ఫ్‌కు తినే సామాను పంపేముందు ఆ దేశం నిషేధాల జాబితా చూడాలి. ఆస్ట్రేలియాకు పప్పులు, మసాలా దినుసుల జోలికే పోవద్దు.

డబ్బాను ఇంట్లోనే టేపు చుట్టి తీసుకుపోకండి. లోపల ఏముందో కౌంటర్‌లో చూపించమంటారు, అక్కడ చింపి మళ్లీ అతికిస్తే అట్ట బలం పోతుంది. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు జిరాక్స్, అవతలివాళ్ల పూర్తి చిరునామా, పిన్‌కోడ్, ఫోన్ నంబరు దగ్గర ఉంచుకోండి. ఈఎంఎస్ ధర 250 గ్రాముల లెక్కన పెరుగుతుంది. 4 కిలోల 20 గ్రాములు తూగితే 4.25 కిలోలకు కట్టాల్సిందే. ఇంట్లో కాటా మీద 4 కిలోలకు ఓ వంద గ్రాములు తక్కువ పెట్టుకుంటే టేపు, అంటించే కాగితాల బరువు అందులోనే సరిపోతుంది.

ఏజెంట్లు ‘కిలోకు ఇంత’ అని చెప్పినప్పుడు ఏ బరువుకో అడగండి. ప్రైవేటు కొరియర్లు డబ్బా పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తాయి. అది అసలు బరువు కంటే ఎక్కువైతే బిల్లు దానికే వేస్తాయి. 40×30×30 డబ్బా అంటే 7.2 కిలోలు. అందులో సకినాలు నాలుగు కిలోలే ఉన్నా కట్టేది 7.2కే. సకినాలు, గరిజెలు చోటెక్కువ పట్టే సరుకు కాబట్టి ఈ తేడా గట్టిగా తగులుతుంది.

అసలు కథంతా కస్టమ్స్ డిక్లరేషన్‌లో ఉంటుంది. అంటే లోపలి సరుకు వివరాలు రాసిచ్చే ఫారం. చిన్న ప్యాకెట్లకు సీఎన్ 22 ఫారం, పార్సిళ్లకు సీఎన్ 23 ఫారం. పార్సిల్ విమానం ఎక్కకముందే ఆ వివరాలు ఎలక్ట్రానిక్‌గా అవతలి దేశానికి చేరతాయి. అందుకే ‘ఈటబుల్స్’, ‘గిఫ్ట్ ఐటమ్స్’, ‘హౌస్‌హోల్డ్’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తే అవతలి అధికారికి అనుమానం వస్తుంది, డబ్బా తెరుస్తారు. ఒక్కో వస్తువుకు ఒక్కో వరుస కేటాయించండి. అది ఏమిటో, దేనితో చేసిందో, ఎన్నో, నికర బరువెంతో, విలువెంతో ఇంగ్లిష్‌లో రాయండి. సకినాలైతే బియ్యప్పిండి, నువ్వులతో చేసి నూనెలో వేయించిన చిరుతిండి అని, ఇంట్లో చేసినవని, 1.5 కిలోలని అర్థమయ్యేట్టు ఉండాలి. చీరైతే నూలుదా పట్టుదా చెప్పాలి. హెచ్‌ఎస్ కోడ్, అంటే కస్టమ్స్‌వాళ్లు సరుకును గుర్తించే అంకెల కోడ్, తెలిస్తే వేయండి. కారం పొడికి 0904 22, పసుపుకు 0910 30. విలువ తక్కువ చేసి రాస్తే రెండు నష్టాలు: అక్కడ వాళ్లే విలువ కట్టి సుంకం వేస్తారు, పార్సిల్ పోతే మీరు రాసిన విలువను మించి పరిహారం రాదు.

అమెరికా సంగతి వివరంగా చెప్పాలి, ఎందుకంటే నిబంధన మారింది. 800 డాలర్ల లోపు సరుకుకు ఉన్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29 నుంచి ఎత్తేశారు. ఆ సమయంలో మన తపాలా శాఖ అమెరికా పార్సిళ్లు ఆపేసి, అక్టోబర్ 15న తిరిగి మొదలుపెట్టింది. ఇప్పుడు సుంకం ఇక్కడ బుకింగ్ సమయంలోనే కట్టించుకునే పద్ధతి ఉంది. రేట్లు మారుతుంటాయి కనుక పంపే రోజు కౌంటర్‌లో అడగండి. 100 డాలర్ల లోపు నిజమైన బహుమతులకు మినహాయింపు ఉంది. అది ఒక్కో మనిషికి, ఒక్కో రోజుకు లెక్క. బిడ్డకు, అల్లుడికి ఒకే డబ్బాలో పంపితే ఎవరిది వాళ్లకు విడిగా చుట్టి, పేరు రాసి, విలువలు వేరుగా చూపాలి. అమ్మకపు సరుకు మీద ‘గిఫ్ట్’ అని రాసినంత మాత్రాన అది బహుమతి కాదు.

తినే వస్తువులు వస్తున్నాయని అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకు ముందస్తు నోటీసు ఇవ్వాలి. చాలామందికి తెలియని సౌకర్యం ఒకటుంది: ఇంట్లో స్వయంగా చేసి, చేసినవాళ్లే తమవాళ్లకు బహుమతిగా పంపే తిండికి ఆ నోటీసు అక్కర్లేదు. అమ్మ చేసి అమ్మ పేరుతో పంపితే అరిసెలు, సకినాలు ఈ కోవలోకి వస్తాయి. మిఠాయి దుకాణంలో కొన్నవి రావు. వాటికి పంపేముందే ఎఫ్‌డీఏ వెబ్‌సైట్‌లో నోటీసు దాఖలు చేసి, వచ్చిన నంబరును డిక్లరేషన్ మీద వేయాలి. నోటీసు మినహాయింపు ఉందని చికెన్, మటన్ పచ్చళ్లు పెట్టొద్దు, మాంసం నిబంధన వేరే, దొరికితే పారేస్తారు. బియ్యం కూడా వద్దు. ఖాప్రా అనే పురుగు భయంతో ఇంటి అవసరానికి పంపే బియ్యాన్ని మన దేశం నుంచి రానివ్వరు.

అదే పురుగు కారణంగా ఆస్ట్రేలియా ఇంకా కఠినంగా ఉంటుంది. బియ్యం, శనగలు, పెసలు, కందులు, జీలకర్ర, ధనియాలు, పల్లీలు, ఎండు మిరపకాయలు పోస్టులో రానివ్వదు. ఏనుమాముల మార్కెట్‌లో కొన్న చపాట మిర్చి ఎంత నాణ్యమైనదైనా అక్కడ చెత్తబుట్టకే. నిర్మల్ బొమ్మలు చెక్కవి కాబట్టి బెరడు గానీ పురుగు రంధ్రం గానీ లేకుండా చూసుకోవాలి. చుట్టూ గడ్డి, పొట్టు కుక్కొద్దు, బబుల్ షీట్ వాడండి.

ఇంగ్లండ్‌కు, యూరప్‌కు పాలు, మాంసంతో చేసినవి పోస్టులో పోవు, కోవా, పాలకోవా, కలాకండ్ ఇందులోకే వస్తాయి. బహుమతికి పన్ను లేని హద్దు ఇంగ్లండ్‌లో 39 పౌండ్లు, యూరోపియన్ యూనియన్‌లో 45 యూరోలు, కెనడాలో 60 కెనడా డాలర్లు.

గల్ఫ్ విషయంలో మాత్రం జాగ్రత్త గట్టిగా చెప్పాలి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు ప్రతి ఊరి నుంచీ అక్కడ ఎవరో ఒకరు ఉంటారు. గసగసాలు దుబాయ్‌లో, సౌదీలో మత్తుపదార్థం కిందే లెక్క. మాంసం మసాలా పొడిలో కలిపిన గసాలు కూడా అంతే. గుట్కా, జర్దా పెట్టొద్దు. నొప్పి మాత్రల్లో ట్రమడాల్, దగ్గు మందుల్లో కోడీన్ ఉన్నవి అనుమతి లేకుండా పోతే తీసుకునే మనిషి మీద కేసవుతుంది. మిగతా మందులకైనా డాక్టర్ చీటీ, బిల్లు ఉండాలి, అక్కడి ఆరోగ్య శాఖ అనుమతి అడిగి తెలుసుకున్నాకే పంపాలి. దుబాయ్‌కి రాసేటప్పుడు కంపెనీ పీవో బాక్స్ నంబరు, మొబైల్ నంబరు తప్పక వేయండి. క్యాంపు పేరు, గది నంబరు ఒక్కటే ఉంటే పార్సిల్ చేరదు.

పూజ సామానులో కర్పూరం తీసేయండి, అది మండే ఘనపదార్థం కింద విమానాల్లో నిషిద్ధం. ఎండు కుడుకలు కూడా అంతే, నూనెతో తనంతట తాను వేడెక్కే సరుకుగా లెక్కిస్తారు. సెంటు, స్ప్రే, పవర్ బ్యాంకు, కరెన్సీ నోట్లు వద్దు. నెమలి ఈకలు మన దేశం నుంచే పోనివ్వరు. పెంబర్తి ఇత్తడి విగ్రహాలు పంపితే కొన్న బిల్లు లోపల ఒకటి, ఫారంతో ఒకటి పెట్టండి. నూరేళ్లు దాటిన వస్తువుల ఎగుమతికి 1972 పురావస్తు చట్టం అడ్డు, కొత్త విగ్రహమని చూపడానికి ఆ బిల్లే ఆధారం.

పచ్చడి కారిపోవడానికి ప్రధాన కారణం ప్యాకెట్‌లో మిగిలిన గాలి. విమానంలో పైకి పోయేకొద్దీ బయటి ఒత్తిడి తగ్గి ఆ గాలి ఉబ్బుతుంది, అతుకు దగ్గర పగులుతుంది. పైన తేలే నూనె వంచేసి, అర కిలో చొప్పున వాక్యూమ్ ప్యాక్ చేయించి, దాన్ని మరో కవర్‌లో మళ్లీ సీల్ వేయించండి. అతుకు మీద నూనె చుక్క ఉంటే సీల్ పట్టదు, ముందు పొడిగుడ్డతో తుడవాలి. డబ్బా ఐదు పొరల అట్టది తీసుకోండి. సకినాల మధ్య బటర్ పేపర్ వేసి, ఊపితే చప్పుడు రాకుండా నింపండి.

దర్రీలు, చీరలు అమ్మకానికి పంపేవాళ్లకు ఈ దారి చాలదు. ఐఈసీ (ఎగుమతి, దిగుమతిదారులకిచ్చే కోడ్) నంబరు, పోస్టల్ బిల్ ఆఫ్ ఎక్స్‌పోర్ట్ అనే ఎగుమతి పత్రం కావాలి, అందుకు డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రం ఉంది.

ఈఎంఎస్ రసీదు మీది 13 అక్షరాల నంబరు ‘ఈ’తో మొదలై ‘ఐఎన్’తో ముగుస్తుంది. దేశం దాటాక అదే నంబరును అక్కడి తపాలా సంస్థ వెబ్‌సైట్‌లో చూడండి. కస్టమ్స్ ఆపినట్టు చూపిస్తే నోటీసు అందుకునేవాళ్లకే వెళ్తుంది, జవాబు, సుంకం, బిల్లు వాళ్లే ఇవ్వాలి, గడువు దాటితే పార్సిల్ వెనక్కి వస్తుంది. డెలివరీ కాకపోతే ఏం చేయాలో సీఎన్ 23తో వచ్చే పార్సిల్ ఫారంలోనే గడి ఉంటుంది. వెనక్కి పంపమని టిక్ పెడితే తిరుగు ఖర్చు పంపినవాళ్ల మీద పడొచ్చు. పాడయ్యే తిండికి వదిలేయమని, చీరలకు వెనక్కి పంపమని టిక్ పెట్టండి.