దారి చూపే యాప్‌లకు చందా కడుతున్నారా? ఖాతా తొలగించినా డబ్బు కోత ఆగదు, జాగ్రత్త

కొత్త ప్రాంతాలకు వెళ్లే ముందు దారి చూపే యాప్‌కు చందా కట్టాలనుకునే వారందరూ దయచేసి ఇది చదవండి. అలాంటి యాప్ ఒకదానిలో నా ఖాతాను పూర్తిగా తొలగించిన తర్వాత కూడా, మరుసటి ఏడాది చందా మొత్తం నా కార్డు నుంచి కోతపడింది.

ఇంటర్నెట్ అందని కొండదారుల్లో ప్రయాణం ఉండడంతో, మ్యాపులను ముందే దించుకునే సౌకర్యం కోసం ఆ యాప్‌ను ఎంచుకున్నాను. దారి చూపడంలో దానికి వంక పెట్టలేను. పని పూర్తయ్యాక చూస్తే, దాని సెట్టింగుల్లో చందా రద్దు చేసే వీలు ఎక్కడా లేదు. అన్నిటికంటే అడుగున ‘ఖాతాను తొలగించు’ అన్న ఎర్ర అక్షరాల మీట మాత్రమే ఉంది. దాన్ని నొక్కగానే నా సమాచారమంతా శాశ్వతంగా తొలగించినట్టు సందేశం వచ్చింది తప్ప, చందా ఇంకా నడుస్తోందని ఒక్క ముక్క కూడా చెప్పలేదు. ఏడాది తిరిగేసరికి బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చింది. ఫిర్యాదు చేద్దామంటే ఖాతా లేదు కనుక లాగిన్ కుదరలేదు. ఈమెయిల్ పంపితే, ఆ పేరుతో తమ దగ్గర ఖాతాయే లేదని జవాబిచ్చారు. డబ్బు తీసుకోవడానికి అడ్డురాని కారణం తిరిగి ఇవ్వడానికి మాత్రం అడ్డురావడం ముమ్మాటికీ అన్యాయం.

అసలు మెలిక ఎక్కడుందంటే, ప్లే స్టోర్ ద్వారానో యాప్ స్టోర్ ద్వారానో తీసుకున్న చందా యాప్‌లోని ఖాతాతో కాక, మన గూగుల్ లేదా యాపిల్ ఖాతాతో ముడిపడి ఉంటుంది. అందుకే యాప్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసినా, అందులోని ఖాతాను చెరిపేసినా చందా అలాగే కొనసాగుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ప్లే స్టోర్ తెరిచి, పైనున్న ప్రొఫైల్ బొమ్మను నొక్కి, ‘పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్’లోకి వెళ్లి రద్దు చేయాలి, ఐఫోన్‌లో సెట్టింగ్స్ తెరిచి, మన పేరు నొక్కితే ‘సబ్‌స్క్రిప్షన్స్’ కనిపిస్తుంది. రెండు జీమెయిల్ ఖాతాలు ఉన్నవారు రెండింటిలోనూ చూసుకోవాలి. కంపెనీ వెబ్‌సైట్‌లోనే కార్డు వివరాలిచ్చి తీసుకున్న చందా మాత్రం ఈ జాబితాల్లో కనిపించదు, దాన్ని అక్కడే రద్దు చేయాలి.

ఉచిత ట్రయల్ అయితే గడువు ముగిసే రోజు దాకా ఆగకండి. కనీసం 24 గంటల ముందే రద్దు చేయాలన్నది యాపిల్ నిబంధన. ఇక డబ్బు కట్టి తీసుకున్న చందాను కొన్న రోజే రద్దు చేసినా, కట్టిన గడువు పూర్తయ్యే దాకా మామూలుగా వాడుకోవచ్చు కనుక, ప్రయాణం ముగిసే దాకా వేచి ఉండడం కంటే కొన్న వెంటనే రద్దు చేసి పెట్టుకోవడమే మేలని నా అభిప్రాయం.

చందా అవసరమా అని ముందే ఆలోచించండి. జీపీఎస్ సంకేతాలు అందరికీ ఉచితమే, ఇంటర్నెట్ లేకపోయినా ఫోన్ వాటిని ఉపగ్రహాల నుంచి నేరుగా అందుకుంటుంది. మన దగ్గర ఉండాల్సింది మ్యాపు ఒక్కటే. గూగుల్ మ్యాప్స్‌లో కావలసిన ప్రాంతాన్ని వైఫై ఉన్నప్పుడే దించుకుంటే కారు ప్రయాణానికి చాలావరకు సరిపోతుంది, కాకపోతే ఆఫ్‌లైన్‌లో ట్రాఫిక్ వివరాలు, నడక దారులు చూపదు. నడిచి వెళ్లేవారికి, 2004లో మొదలై, స్వచ్ఛందంగా పనిచేసేవారు కలిసి తయారుచేస్తున్న ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత మ్యాపు ఆధారంగా పనిచేసే ఆర్గానిక్ మ్యాప్స్ వంటి ఉచిత యాప్‌లు ఉన్నాయి.

ఇప్పటికే డబ్బు కోతపడినవారు యాప్ కంపెనీతో ఉత్తరాలు నడుపుతూ కూర్చోకుండా, ముందుగా స్టోర్‌కే రిఫండ్ అభ్యర్థన పెట్టండి. గూగుల్ ప్లేలో అయితే చెల్లింపు జరిగిన 48 గంటల్లోపు అడగడం మంచిది. ఆ తర్వాత చాలావరకు యాప్ తయారీదారునే సంప్రదించమంటారు. రసీదు ఈమెయిల్‌లో ‘జీపీఏ’ అక్షరాలతో మొదలయ్యే ఆర్డర్ నంబరు ఉంటుంది, ఖాతా చెరిగిపోయినా చెల్లింపుకు అదే ఆధారం కనుక ఆ ఈమెయిల్‌ను తీసేయకండి.